ఎర్రవాగు బడిలో ఆటగంట

ఎర్రవాగు ఒడ్డున, ఇప్పచెట్టు కింద, అడవి పిల్లల కోసం ఒక సర్కారు బడి ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెబుతాను, కాస్త మనసు రాయి చేసుకుని వినండి.

ఆ బడికి గోడల్లేవు, కప్పు లేదు. ఇప్పచెట్టు నీడ ఎటు జరిగితే తరగతి అటు జరిగేది. వెనక రేగుపొదలు, ముందు గట్టు, గట్టు దిగితే వాగు. నడుమ పిల్లల కాళ్ల కింద నలిగి నలిగి నున్నబడిన జాగా ఒకటి. అదే ఆటస్థలం. అంతకు మించి ఆస్తి లేదు ఆ బడికి.

మాస్టారి పేరు కోటప్ప. ముసలి ఎద్దు. పన్నెండేళ్లు ఊళ్లో కాడి మోసి, ఇక పనికి రాడని తోలేస్తే అడవి దారి పట్టి వచ్చినవాడు. మెడలో ఇత్తడి గంట అలాగే ఉండిపోయింది. నడుస్తుంటే గొణుగుతుండేది గానీ, కోటప్ప తల పైకెత్తి గట్టిగా విదిలించాడంటే అవతలి ఒడ్డుకి కూడా వినపడేది. రోజుకి ఒక్కసారి, పొద్దు నడినెత్తికి రాకముందు, అలా విదిలించేవాడు. అది ఆటగంట.

గంట మోగిందంటే చాలు, పిల్లలంతా ఒక్క ఉదుటున లేచి రేగుపొదల్లోకి పరుగు. అందరికన్నా ఆఖరున దూరినవాడు నక్క. ఆ నక్క మిగతావాళ్లని వెతికి పట్టుకోవాలి. పొదల్లో ఎవరి సందు వాళ్లకుంది, ఎవరి మలుపు వాళ్లకుంది. ఆడి ఆడి అలిసిపోయాక గట్టు దిగి వాగులో నీళ్లు తాగి వచ్చేవారు. ఈ ఆట ఎవరు మొదలుపెట్టారో కోటప్పకి తెలియదు. అతను రాకముందు నుంచే ఉంది.

ఒకసారి నిజంగానే తోడేలు ఒకటి గట్టెక్కి వచ్చింది. కోటప్ప కంగారుపడి గంట విదిలించాడు. మళ్లీ కళ్లు తెరిచి చూసేసరికి ఆటస్థలంలో ఒక్క పిల్ల లేదు. తోడేలు ఖాళీ నేల వాసన చూసుకుని వచ్చిన దారినే పోయింది. దేవుడు చల్లగా చూశాడనుకున్నాడు కోటప్ప. అది ఆట పుణ్యమని అతనికి తట్టలేదు. ఎలా తడుతుంది? ఎద్దుకి పారిపోవాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది గనక.

బడిలో పిల్లలు పదకొండుమంది. పదికి తగ్గితే బడి మూసేస్తామని అడవి దర్బారు నుంచి కబురు వచ్చి ఉంది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, కుందేలు అంకమ్మ వాగు ఒడ్డున గరిక కొరుకుతోంది. ఆమె ఒక్కగానొక్క కూతురు జాజి ఈ బడిలోనే చదువుతోంది. అవతలి ఒడ్డు ఎత్తు. దాని మీద తీరిగ్గా కూర్చుని ఉన్నాడు నక్క జంబులింగం.

"ఏం చెల్లెమ్మా, పిల్ల చదువు ఎంతవరకూ వచ్చింది?" అని పలకరించాడు.

అంకమ్మ చెవులు నిక్కించింది. నడుమ వాగు నిండుగా పారుతోంది. అది చూసుకుని కాస్త స్థిమితపడింది.

"నీకెందుకయ్యా మా చదువుల గొడవ?"

"నాకేముంది తల్లీ. నేను నక్కని, ఆ సంగతి దాచుకునేవాణ్ణి కాను. అందుకేగా ఈ ఒడ్డునే ఉంటున్నాను. ఏనాడైనా మీ వైపు కాలు పెట్టానా? ఇక్కడ కూర్చుంటే మీ బడి కనిపిస్తుంది, అంతే. రోజూ పొద్దెక్కేసరికి పిల్లలు దుమ్ములో దొర్లుతుంటారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది."

"ఆటగంట కదా అది. పిల్లలన్నాక ఆడుకోరా?"

"ఎందుకు ఆడుకోరు, ఆడుకుంటారు. కాకపోతే కొండమీది కోతుల బడిలో ఆటగంట లేదట. ఆ వేళకి ప్రత్యేక తరగతులట. ఒకరోజు పాట, ఒకరోజు బొమ్మలు. అక్కడ చదివే కుందేలుపిల్ల నిన్న కొండ దిగుతూ కనిపించింది. మెడలో పచ్చటి తీగ కట్టుకుని ఎంత ఒద్దికగా నడిచిందో. నీ జాజి దానికన్నా తెలివైనది. ఏం లాభం, సర్కారు బడిలో పడింది."

ఆ ఆఖరి మాట ముల్లులా దిగింది అంకమ్మకి. కొండమీది బడిలో వెయ్యాలంటే పొద్దున్నే పిల్లని అంత దూరం ఎక్కించాలి, సాయంత్రం దింపాలి. వేసవిలో అక్కడ గడ్డి కూడా ఉండదు. ఇవన్నీ ఆలోచించే ఇక్కడ వేసింది. ఇప్పుడు అదంతా తన చేతగానితనంలా కనిపించింది. ఇంటికి పోతూ కనిపించిన ప్రతి తల్లికీ ఆ మాట చెప్పింది. ఒక్కొక్కరికీ అది తమ సొంత బాధలాగే అనిపించింది.

మర్నాడు తల్లులంతా కట్టగట్టుకుని బడికి వచ్చారు.

"మాస్టారూ, మావాళ్లకీ ప్రత్యేక తరగతులు పెట్టాలి" అంది అంకమ్మ.

"పెట్టొచ్చమ్మా. చెప్పేదెవరు? నాకు పాట రాదు, బొమ్మలు రావు. ఒకటో తరగతికీ నేనే, అయిదో తరగతికీ నేనే."

"అవన్నీ మాకు తెలియవు మాస్టారూ. మా పిల్లలు దుమ్ములో దొర్లడానికా ఇక్కడికి పంపుతున్నది? వచ్చే పున్నమిలోగా ఏదో ఒకటి చెయ్యండి. లేదంటే జాజిని కొండమీద వేసేస్తాను."

"మా ఇద్దర్నీ కూడా" అంది వెనకనుంచి కౌజుపిట్ట.

పదకొండులో ముగ్గురు పోతే ఎనిమిది. కోటప్పకి నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. బడి మూసేస్తే పిల్లలు ఎక్కడో ఒకచోట చేరతారు. తన సంగతేమిటి? ఊళ్లో పనికి రానన్నారు. ఇక్కడా పనికి రానంటే ఇంకెక్కడికి పోవాలి?

ఆ సాయంత్రం దిగులుగా వాగు దగ్గర నిలబడితే జంబులింగమే పలకరించాడు.

"విన్నాను మాస్టారూ. లేనిదాని కోసం ఏడవడమెందుకు, నీకు వచ్చిందే నేర్పు."

"నాకేం వచ్చు? దున్నడం వచ్చు."

"దున్నేటప్పుడు రైతు మధ్యలో అన్నానికి కూర్చుంటే నువ్వేం చేసేవాడివి?"

"కాడి కింద అలాగే నిలబడేవాణ్ణి."

"ఈగలు ముసిరితే?"

"నిలబడేవాణ్ణి."

"కుక్కలు మొరిగినా, ఎవరు అదిలించినా?"

"రైతు వచ్చేదాకా అడుగు కదిపేవాణ్ణి కాను."

"చూశావా? ఆ నిలకడ ఇంకెవరికొచ్చు ఈ అడవిలో? చచ్చినా కోతులకి వస్తుందా? దానికి ఏకాగ్రత తరగతి అని పేరు పెట్టు. కొండమీది బడివాళ్లు ముక్కున వేలేసుకుంటారు."

పుట్టి బుద్ధెరిగాక కోటప్పని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. పన్నెండేళ్లు ఎండలో నిలబడ్డందుకు ఎవరూ సెబాసని వీపు తట్టలేదు. ఎదురుగా ఉన్నది నక్క అన్న సంగతి అతనికి తెలియకపోలేదు. కానీ ఆ మాట కడుపులోకి పాలు పోసినట్టు దిగింది.

"ఎప్పుడు చెప్పను? పొద్దంతా పాఠాలే."

"ఆటగంట వేళ ఉందిగా. గంట కూడా మార్చనక్కర్లేదు, కొత్తది ఎక్కడ తెస్తావు పాపం. ఇన్నాళ్లూ గంట మోగితే లేచి పరిగెత్తేవారు. ఇకనుంచి గంట మోగితే కళ్లు మూసుకుని కూర్చుంటారు. అంతేగా తేడా."

అంతే తేడా అనుకున్నాడు కోటప్ప.

బడి ఊడ్చే ముళ్లపంది సోమయ్య మర్నాడు కొత్త పద్ధతి విని చీపురు పక్కన పెట్టాడు.

"ఎవరు చెప్పారు పంతులుగారూ మీకు ఈ ఉపాయం?"

"నాకే తోచింది" అన్నాడు కోటప్ప. అతను ఆ బడిలో ఆడిన అబద్ధం అదొక్కటే.

"తప్పుగా అనుకోకండి. నా వీపు నిండా ముళ్లున్నాయి, నేను కదలకుండా కూర్చున్నా చెల్లుతుంది. మీకు కొమ్ములున్నాయి. ఆ పసివాళ్లకి కాళ్లు తప్ప ఇంకేమున్నాయండీ?"

"చదువు లేనివాడివి, నీకివి అర్థం కావులే సోమయ్యా."

సోమయ్య చీపురు తీసుకుని ఎండుటాకులు ఊడ్చుకుంటూ అటు వెళ్లిపోయాడు.

మొదటివారం నానా తంటాలూ పడ్డారు. గంట మోగగానే పిల్లల కాళ్లు వాటంతటవే పొదలవైపు లేచేవి. కోటప్ప కోప్పడేవాడు కాదు, కోప్పడటం అతనికి చేతకాదు. వెళ్లి ఒక్కొక్కరినీ మూతితో మెల్లగా తోసుకుంటూ తీసుకొచ్చి కూర్చోబెట్టేవాడు. మళ్లీ గంట. మళ్లీ తోసుకురావడం. విసుగన్నది లేదు. అందరికన్నా కష్టపడింది జాజి. పరుగులో ఆ బడిలో దానికి సాటి లేదు, ఒక్కనాడు కూడా నక్క అయింది కాదు.

"మాస్టారూ, నేను కదపడం లేదు. చెవి దానంతటదే లేస్తోంది" అనేది.

"లేస్తే దించెయ్యమ్మా. చెవి కదిలితే మార్కు పోతుంది."

"ఏదో చప్పుడైందండీ."

"అవుతుంది. చప్పుళ్లు అవుతూనే ఉంటాయి. మనకెందుకు?"

జాజికి మాస్టారంటే ఇష్టం. అతని మెప్పు కోసం నేర్చుకుంది. ఇంటి దగ్గర కూడా బొరియ ముందు కళ్లు మూసుకుని కూర్చుంటుంటే, అంకమ్మ పనులు మానుకుని చూస్తూ నిలబడేది. తన కడుపున ఇంత ఒద్దికైన పిల్ల పుట్టిందా అని మురిసిపోయేది. కొండమీది బడి ఊసే ఎత్తడం మానేసింది. బడిలో పదకొండుమందీ నిలిచారు.

ఆటలు పోయాయి గనక వాగుకి దిగడమూ పోయింది. నీళ్లు ఇంటి దగ్గరే తాగి రమ్మన్నారు. కోటప్ప తెల్లవారుతూనే ఎగువన మడుగులో తాగేసి వచ్చేవాడు. గట్టు దిగితే గాని వాగు కనపడదు, గట్టు దిగే పని ఎవరికీ లేకపోయింది.

ఫాల్గుణంలో, ఇప్పపూలు రాలే రోజుల్లో పోటీ పెట్టారు. తల్లులంతా వచ్చారు. కోటప్ప గంట విదిలించాడు. పిల్లలు కళ్లు మూసుకున్నారు. కోటప్ప వాళ్ల వెనక చేరి ఎండుకొమ్మలు తొక్కాడు. ముగ్గురు ఉలిక్కిపడ్డారు. "లేవండి, పారిపోండి, పులొచ్చింది" అని ఉత్తుత్తి కేకలు పెట్టాడు. నలుగురు లేచారు. ఆఖరి పరీక్షగా అవతలి ఒడ్డునుంచి జంబులింగం గొంతెత్తి ఊళ వేశాడు. అది కూడా ముందే అనుకున్నదే. తల్లులకే ఒళ్లు జలదరించింది. పిల్లల్లో ముగ్గురు కళ్లు తెరిచారు.

జాజి తెరవలేదు. చెవి కదపలేదు. ముక్కు కూడా అదరలేదు.

ఇప్పపూల దండ జాజి మెడలో పడినప్పుడు అంకమ్మ కళ్లు తుడుచుకుంది. "మీ రుణం తీర్చుకోలేను మాస్టారూ" అంది. అవతలి ఒడ్డునుంచి "భేష్" అని వినపడింది. కోటప్ప తల వంచుకుని సిగ్గుపడ్డాడు. ఓడిపోయిన పిల్లలు మర్నాటి నుంచి ఇంకా పట్టుదలగా కూర్చున్నారు. వైశాఖం వచ్చేసరికి మిగతా పదిమందీ జాజి అంతటివాళ్లయ్యారు.

వాగు ఎండి ఇసక తేలుతోందని సోమయ్య ఒకరోజు చెప్పబోయాడు. చదువు లేనివాడివన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఆ రోజు కోటప్ప ఎక్కాలు చెప్పిస్తున్నాడు. పిల్లల గొంతులు ఒక్కొక్కటే సన్నబడ్డాయి. జింకపిల్ల సగం లేచింది. కౌజుపిల్లలు రెక్కలు విప్పాయి. జాజి చెవులు రెండూ నిటారుగా నిలబడ్డాయి. అందరూ గట్టువైపే చూస్తున్నారు. వాసన వాళ్లకి అందింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే వాళ్ల కాళ్లే వాళ్లకి దారి చెప్పేవి.

కోటప్ప వెనక్కి తిరిగి చూశాడు. జంబులింగం గట్టెక్కి వస్తున్నాడు. పాదాలకి తడి లేదు, ఇసక ఉంది.

కోటప్ప తోడేలు వచ్చిన రోజు ఏం చేశాడో ఇప్పుడూ అదే చేశాడు. తల పైకెత్తి, బలమంతా మెడలోకి తెచ్చుకుని గంట విదిలించాడు.

పదకొండుమందీ కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు.

"లేవండి" అని అరిచాడు కోటప్ప. "పారిపోండి, నక్కొచ్చింది."

ఎవరూ కదల్లేదు. పోటీలో కూడా ఇలాగే కేకలు పెట్టినవాడు తనే. జింకపిల్ల పెదవి మీద చిన్న నవ్వు కూడా ఉంది, ఈసారి మోసపోనని.

కొమ్ములు వంచి ఉరికాడు కోటప్ప. ముసలి మోకాళ్లు, పన్నెండేళ్లు కాడి మోసినవి, ఎంతదూరం వస్తాయి. జంబులింగం ఇంత పక్కకి జరిగాడు. కోటప్ప ఇప్పచెట్టు మొదలుకి కొట్టుకుని కూలబడ్డాడు.

"తరగతిలో అలజడి చెయ్యకండి మాస్టారూ" అన్నాడు జంబులింగం.

తొందరేమీ లేనట్టు వరసవెంట నడిచాడు. ఒక్కొక్కరి ముందూ ఆగాడు. జాజి దగ్గరికి వచ్చేసరికి దాని ఎడమ చెవి కొద్దిగా లేచింది. కోటప్ప చూశాడు. పరిగెత్తు తల్లీ, పరిగెత్తు అనుకున్నాడు లోపల. జాజి వెంటనే చెవి దించేసుకుంది. మార్కు పోతుందని.

"మంచి శిష్యురాలు" అన్నాడు జంబులింగం. దాని మెడ పట్టుకుని గట్టు దిగిపోయాడు.

సాయంత్రం అంకమ్మ నోట్లో లేత గరిక పట్టుకుని వచ్చింది, కూతురికి దారిలో తినిపించడానికి. కోటప్ప చెప్పాడు. ఉన్నదంతా చెప్పాడు, ఉపాయం ఎవరిదో కూడా. ఆమె ఏడవలేదు. గరిక కింద పడింది.

"పరిగెత్తిందా?" అని అడిగింది.

"లేదమ్మా. కదల్లేదు."

అంకమ్మ ఆటస్థలం వైపు చూసింది.

"కడుపులో ఉన్నప్పుడే ఒకచోట నిలిచేది కాదు మాస్టారూ. మీరూ నేనూ కలిసి నిలబెట్టాం."

ఆ మాట అని వెళ్లిపోయింది. కోటప్పని తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ఆమె వాగు ఒడ్డుకి రాలేదు. కోటప్పకి మాత్రం ఏ గరిక పోచ కనిపించినా నెమరు ఆగిపోయేది.

మర్నాడు పదిమంది వచ్చారు. పొద్దు నడినెత్తికి రాకముందు కోటప్ప మెడ వంచాడు. సోమయ్య గంట కట్టిన తాడు కొరికేశాడు. ఇత్తడి గంట దుమ్ములో పడింది. పడుతూ ఒక్కసారి మోగింది. పదిమందీ చటుక్కున కళ్లు మూసుకున్నారు.

"వద్దమ్మా" అన్నాడు కోటప్ప. "కళ్లు తెరవండి. ఇవాళ్టి నుంచి తరగతి లేదు. ఆడుకోండి. పరిగెత్తండి."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు చెప్పారు గనక లేచారు. పొదలవైపు నాలుగడుగులు వేసి ఆగిపోయారు. దూరేవాళ్లు లేక రేగుకొమ్మలు ఎప్పుడో అల్లుకుపోయాయి. ఒక్క సందు లేదు, ఒక్క మలుపు లేదు. జింకపిల్ల కాసేపు వెతికి, వెనక్కి వచ్చి, ఎంతో వినయంగా కోటప్ప ముందు నిలబడింది.

"ఎటు పరిగెత్తాలి మాస్టారూ?"

తొలకరి పడేలోగా మిగతా తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని తీసుకుపోయారు, బడి మూతపడింది. ముసలి ఎద్దు మాత్రం ఇప్పటికీ ఆ చెట్టు కిందే, కాడి లేకపోయినా, కదలకుండా నిలబడి ఉంటాడని అటు పోయినవాళ్లు చెబుతారు. కొండమీది బడిలో కూడా ఈ మధ్య ఏకాగ్రత తరగతి పెట్టారట. ఎవరో పెద్దమనిషి దూరంగా కూర్చుని సలహా ఇచ్చాడట.

నీతి: పరుగే ప్రాణమైన పిల్లలకి కదలకపోవడం నేర్పితే, ఆ చదువు పిల్లలకి కాదు, వేటాడేవాడికే పనికొస్తుంది.